మనింటి మోటారు

అదిగో, వినపడింది. నొక్కాను. నిజంగా వినపడిందా? దోమ ఒకటి గది ఆ మూల నుంచి ఈ మూలకు పోయినట్టు సన్నగా, కుడి చెవిలో, అవును కుడివైపే, లేదా నా లోపల్నుంచే వచ్చిందో ఏమో, ఈ హెడ్‌ఫోన్లు ఎంత బిగించిందో ఆ అమ్మాయి, కణతల్లో నాడి కొట్టుకోవడం తప్ప ఇంకేమీ చెవిన పడేట్టు లేదు. బీరువా కంటే కాస్త పెద్దదీ గది. నాలుగు గోడలకూ గుంటలు గుంటలుగా బూడిదరంగు స్పాంజి. తలుపు మూసినప్పుడు దాని చప్పుడు కూడా వినపడలేదు, అది తలుపు గొప్పతనమా నా చెవుల లోపమా అని అప్పుడే పట్టుకుంది గుబులు. పక్కగా చిన్న గాజు కిటికీ, దాని వెనక చెవుల పరీక్ష చేసే ఆ ఆడియాలజిస్టు అమ్మాయి వంచుకున్న తల, తిన్నగా తీసిన పాపిడి. ఆమె చేతులు కనపడితే ఎప్పుడు మీట నొక్కుతోందో పసిగట్టేస్తానని కాబోలు, నా కుర్చీని ఓరగా తిప్పి మరీ పెట్టింది. నా గుప్పిట్లో తీగకు వేలాడే బటను. "ఎంత సన్నగా ఉన్నా సరే మేడమ్, వినపడితే నొక్కండి, అంతే" అంది. అంతేనట! అంత తేలికైన పనే అయితే పొద్దుటి నుంచి నా చేతులెందుకిలా చల్లబడి ఉన్నాయి?

బయట నడవాలో బెంచీ మీద మా ఆయన, ఆయన పక్కన పిట్ట. పిట్ట అంటే మా అమ్మాయి. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కనక ఆ పేరు. ఈ పాటికి ఆయన ఫోను లాక్కుని ఉంటుంది, లేదా పక్కన కూర్చున్న పెద్దాయనకి మా ఇంటి గుట్లన్నీ విప్పి చెబుతూ ఉంటుంది. నాకూ పిట్టకీ ఇవాళే చెవుల పరీక్ష. ముందు పాపని కూర్చోబెడదామా మేడమ్ అని ఆ అమ్మాయి అడిగితే కాదు నేను, నేను ముందు అని ఎగబడ్డాను, బస్సులో సీటు కోసం ఎగబడినట్టు. మా ఆయన వింతగా చూశాడు. ఆయనకేం తెలుసు నా లెక్క. నా చెవులు బాగున్నాయని తేలితే నాన్న చెవుడు నాకు రాలేదన్నమాట, నాకు రాకపోతే నా నుంచి పిట్టకి పోయే దారే లేదు, అంటే పిట్టకేమీ లేదు, పిలిస్తే పలకదని దాని టీచరు చెప్పిందంతా ఉత్త పరధ్యానం, ఇంటికెళ్లి హాయిగా కాళ్లు చాపుకోవచ్చు. ఈ లెక్కలో బొక్క ఉందని నాకు తెలియక కాదు. తెలిసీ పట్టుకు వేలాడుతున్నాను. ఇంకోటి, వచ్చింది, ఇది కాస్త లావుగా ఉంది, నొక్కాను.

నాన్న చెవులు ప్రెస్సులో పోయాయనుకున్నాం ఇంటిల్లిపాదీ. అచ్చుయంత్రం పక్కన నిలబడి బతుకంతా గడిపిన మనిషి, మిషన్‌మాన్ అనేవాళ్లు ఆయన్ని, ఆ మోతకి చెవులు పోక ఏమవుతాయి? నలభై దాటగానే మొదలైంది. అమ్మ వంటింట్లోంచి పిలిచి పిలిచి విసిగి "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు" అనేది, ఆయనేమో శంఖమన్న మాటొక్కటే అందుకుని "ఎక్కడే శంఖం?" అని చుట్టూ చూసేవాడు, మేం పడీపడీ నవ్వేవాళ్లం. మేం నవ్వితే ఆయనా నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే. ఆ తర్వాత్తర్వాత నవ్వడం కూడా మానేసి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. యజమాని దయదలిచి నెలకింత చెవుల ఖర్చులకని ఇచ్చాడు కూడా, పాపం, చెయ్యని నేరానికి. ఎందుకంటే మొన్న అన్నయ్యకీ మొదలైంది. అన్నయ్య పనిచేసేది లైబ్రరీలో. అక్కడ ఎవరైనా తుమ్మితే అందరూ తలతిప్పి చూస్తారు. ఇక ప్రెస్సును తిట్టడానికేముంది? పెద్ద డాక్టరు రక్తం తీయించి జన్యుపరీక్షకు పంపాడు, రిపోర్టు వచ్చింది, అన్నయ్య ఫోను చేశాడు. ఈ మధ్య వాడు ఫోనులో మాట్లాడడు, అరుస్తాడు. "ఏమేవ్ చెల్లాయ్! ఆరో నంబరు మయోసినట! ఇది నీ నోట విన్న పేరేగా?" అని, నేనేమీ అనకముందే, "మనింట్లో చెడింది నీ మోటారేనటే!" అని పెద్దగా నవ్వాడు. నవ్వి, "ఆఁ? ఏమన్నావ్?" అన్నాడు. నేనేమీ అనలేదు.

నా మోటారు. మా ఇంట్లో ఆ మాట వచ్చిందంటే అమ్మ వల్లే. నేను మయోసిన్ లాంటి మోటారు ప్రోటీన్ల మీద పరిశోధనకు చేరానని చెబితే, ఆవిడ వీధంతా "మా అమ్మాయి మోటార్ల మీద పెద్ద చదువు చదువుతోంది" అని చాటింది. ఓ ఆదివారం పక్కింటాయన పానా పట్టుకుని వచ్చి, "మా ట్యాంకు మోటారు నీళ్లెక్కించడం లేదమ్మా, ఓసారి చూసి పెడుదూ" అన్నాడు. చూడటానికి వెళ్లాను కూడా, ఏం చేస్తాను, అమ్మ పరువు. స్విచ్చి వేసి చెవి ఆనించి విన్నాను, తిరుగుతోంది, ఎక్కడో గాలి పట్టింది. అలా చెవి ఆనిస్తే చాలు ఆ మోటారు సంగతి తెలిసిపోయింది. ఇక్కడ చెవి సంగతే తెలియాలి, దేనికి ఆనించను? ఏమిటింతసేపు ఏ చప్పుడూ లేదు? మిషను ఆపేసిందా ఆ అమ్మాయి, లేక చప్పుళ్లు వచ్చి పోతున్నాయా నాకు తెలియకుండా, నేనిలా మోటారు కథలు చెప్పుకుంటుంటే? తల వంచే ఉంది. ఏదో రాస్తోంది. వినపడనప్పుడే రాస్తుందా, వినపడినప్పుడు కూడానా? ఊపిరి బిగబట్టాను. ఊపిరి బిగబడితే గుండె మోత ఎక్కువైంది. అదిగో, ఆ గుండె చప్పుడు వెనక ఏదో సన్నగా, నొక్కాను.

పెడసరం అని పేరు పెట్టాం ఆ ఆరో మయోసిన్‌కి ల్యాబులో. కణం లోపల ఆక్టిన్ అనే దారాలుంటాయి, వాటి మీద మయోసిన్లు నడుస్తాయి, మూటలు మోస్తాయి, కండరం ముడుచుకున్నా వాటి పుణ్యమే. తోటి మయోసిన్లన్నీ ఒకవైపు నడిస్తే ఈ ఆరోది ఎదురు నడుస్తుంది. ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. పైగా మూట దొరికేదాకా ముడుచుకుని పడుకుంటుంది, ఎవరో వచ్చి తట్టి లేపాలి. ఇదంతా పాత సంగతే. నా పని ఎక్కడంటే, అది కేంద్రకంలో కూడా కనపడుతుంది. జన్యువులుండే చోట, వాటి నుంచి నకళ్లు తీసే యంత్రానికి ఆనుకుని. కండల మనిషికి ఆఫీసులో ఏం పని అని మొదట్లో నవ్వినవాళ్లే ఎక్కువ. మా కణాలకు ఒక హార్మోను చుక్క వేస్తాం, కేంద్రకం అంచున కూర్చున్న జన్యువు లోపలికి జరుగుతుంది, కాసేపటికి ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది, నకలు మొదలైందన్నమాట. పెడసరాన్ని మందుతో కట్టేస్తే ఆ చుక్కలు మసకబారతాయి, కొన్ని అసలు వెలగవు. ఇంతవరకూ తగాదా లేదు. అది అక్కడ ఏం చేస్తుందన్నదే తగాదా. మా ప్రొఫెసరు లాగుతుందంటాడు, ఆయనకి లాగేవాళ్లంటేనే ఇష్టం. నేను పట్టుకుంటుందంటాను. బరువు పడితే నడక ఆపి పట్టు బిగిస్తుంది అది, నకలు తీసే యంత్రం జారిపోకుండా ఒక్కచోట నిలబెడుతుంది. ఆయన బల్ల గుద్దుతాడు, నేనూ గుద్దుతాను. ఎంత సుఖంగా ఉండేది ఆ పోట్లాట! ప్రపంచంలో దానికంటే పెద్ద సమస్య లేదన్నట్టు అరుచుకునేవాళ్లం. చెవి లోపల కూడా అది చేసే పని పట్టుకోవడమేనని నాకు ఎప్పుడో తెలుసు. లోపలి చెవిలో కణాల తల మీద వెంట్రుకల్లాంటివి ఉంటాయి, చప్పుడు తగిలితే అవి వంగుతాయి, వాటి మొదళ్లను ఈ పెడసరమే అదిమి పట్టి ఉంచుతుంది. పట్టు సడలితే వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఎలుకల చెవుల్లో తీసిన ఆ ఫోటోలు నేనే విద్యార్థులకు చూపించాను, ఎంత అందంగా ఉన్నాయో చూడండి అని. అందంగా ఉన్నాయట! నా నోరు పడిపోను.

ఇంకోటి. నొక్కాను. ఇంకోటి, నొక్కాను. ఇదేదో వరసగా వస్తోంది, లావు, సన్నం, ఇంకా సన్నం, ఆగి మళ్లీ లావు, నాకు అంతు చిక్కింది, ఇదిగో ఇప్పుడు సన్నది రావాలి, నొక్కాను, ఇప్పుడు ఇంకా సన్నది, నొక్కాను, ఎడమ చెవి కూడా బాగుంది, నా రెండు చెవులూ బ్రహ్మాండం. టక్కుమని మీట చప్పుడై హెడ్‌ఫోన్లలోకి ఆ అమ్మాయి గొంతు వచ్చింది. "మేడమ్, వినపడితేనే నొక్కండి. ఇప్పుడు నేనేం సౌండూ పెట్టలేదు." కోప్పడలేదు, పాపం మెల్లగానే అంది. నాకు చెవులు కాలిపోయాయి. "సారీ" అన్నాను. నేను చేసింది మా ల్యాబులో చేస్తే ఎవరినీ క్షమించను. మాకొక పద్ధతుంది. మందు వేసిన పలకేదో వేయనిదేదో చూసేవాడికి తెలియకుండా పేరు మీద తెల్లటేపు అంటిస్తాం. టేపు లేకుండా చుక్కలు లెక్కపెట్టావా, కావాలనుకున్నచోట కావాలనుకున్నన్ని వెలుగుతాయి. దొంగవని కాదు, ఆశ ఉంది కనక. పోయిన ఏడాది ఒకమ్మాయి ఏడుస్తుంటే పక్కన కూర్చుని, లేనిది చూడటం కళ్ల తప్పు కాదే తల్లీ, మనసుది అని నీతులు చెప్పాను. ఇప్పుడు నా మీద ఎవరంటిస్తారు టేపు? నేనెవరి కూతుర్నో, ఎవరి చెల్లెల్నో, బయట బెంచీ మీద ఎవరున్నారో నాకు తెలుసే! మళ్లీ మొదటి నుంచి మొదలెడదామంది ఆ అమ్మాయి. సరేనన్నాను. కళ్లు మూసుకున్నాను.

కళ్లు మూసుకున్నా నయం కాలేదు. ఇప్పుడు, ఈ కుర్చీలో, ఈ క్షణాన, నా ఒంట్లో లెక్కలేనన్ని కేంద్రకాలు, ఒక్కోదానిలో ఆ పెడసరం జన్యువుకి రెండు ప్రతులు, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. నాన్నకి ఉన్న రెంటిలో మంచిదాన్ని ఇచ్చాడో చెడ్డదాన్ని ఇచ్చాడో. బొమ్మా బొరుసే. రక్తం ఇస్తే వారంలో తేలిపోతుంది, రక్తం ఇవ్వవే అని అన్నయ్య, ఇవ్వమని డాక్టరు, ఇద్దామని మా ఆయన, అందరికీ ఊఁ ఊఁ అంటూ పెడచెవిన పెట్టాను. నేను మైక్రోస్కోపు కింద పెట్టే కణాలు ఎవరివో, అవి నన్నేమీ అనవు. ఒక్క అక్షరమట తేడా. ఆ ఒక్క అక్షరంతో సహా నా కణాలు నకలు తీసుకుంటూ ఉంటాయి పొద్దస్తమానం, ఆ నకలు చూసి చెడిన మోటారు తయారవుతుంది, ఆ చెడిన మోటారు మళ్లీ కేంద్రకంలోకి వెళ్లి నకళ్లు తీసే యంత్రాన్ని పట్టుకుంటుంది, ఏ జన్యువు దగ్గర పట్టుకుంటుందో, తన జన్యువు దగ్గరే పట్టుకుంటుందేమో, ఇదిగో నా తప్పు, సరిగ్గా చూసి రాసుకో అని. ఇలాంటి ఆలోచన సెమినార్లో వస్తే చప్పట్లు కొడతారు. ఇక్కడ చేతిలో బటను సంగతే మరిచిపోయాను. ఆగు, ఏదో వచ్చింది. వచ్చిందా? ఒట్టు పెట్టి చెప్పగలనా? చెప్పగలను. నొక్కాను.

"పిలిస్తే పలకదండీ. తెలివైన పిల్లే, కానీ వెనక నుంచి పిలిస్తే ఏదో లోకంలో ఉంటుంది" అంది టీచరు. అప్పుడు నేను నవ్వేసి, వాళ్ల నాన్న పోలిక, ఆయనకి పిలిచి పిలిచి నా గొంతు పోయింది అన్నాను. అబద్ధం కాదు, మా ఆయన పరధ్యానం జగమెరిగిందే. ఆ మాట మీద ఎన్నాళ్లో హాయిగా నిద్రపోయాను. అన్నయ్య ఫోను వచ్చాక నిద్ర పోయింది. మాటిమాటికీ పిట్ట వెనక నిలబడి మెల్లగా పిలుస్తాను, పలికితే ప్రాణం లేచి వస్తుంది, పలక్కపోతే బొమ్మల్లో మునిగిపోయింది లెమ్మంటాను, ఇంకొంచెం గట్టిగా పిలుస్తాను, ఇంకొంచెం గట్టిగా పిలిచి పలికించుకుని చూశావా పలికిందని నాకు నేనే చెప్పుకుంటాను. ఓ సాయంత్రం అది నావైపు తిరిగి, "అమ్మా, నన్నెందుకు ఊరికే పిలుస్తావు, ఏమీ చెప్పవు?" అంది. ఏం చెప్పను? నీ చెవులకి దొంగచాటుగా పరీక్ష పెడుతున్నానే అని చెప్పనా? ముద్దు పెట్టుకుందామని పిలిచానన్నాను. పెట్టుకున్నాను. అది నా చెవిలో ఏదో రహస్యం చెప్పింది, బడిలో ఎవరో ఎవరి పెన్సిలో కొరికేశారట, చెవికి నోరు ఆనించి వేడిగా, తుంపర్లతో సహా. ప్రతి అక్షరం వినపడింది నాకు. ఇవన్నీ వినపడకుండా పోతే? నాకు పోతే పోనీ, నేనెలాగో పేపరు అడ్డం పెట్టుకుని బతికేస్తాను. దానికి వద్దు. దాని జోలికి రావద్దు. ఎవరిని బతిమాలుతున్నానో తెలియదు, బతిమాలుతూనే బటను పట్టుకుని కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ఒక్కసారిగా లోకంలోని చప్పుళ్లన్నీ మీద పడ్డాయి, ఫ్యాను, నడవాలో చెప్పులు, ఎవరిదో దగ్గు, ఎంత బాగుందో ఆ దగ్గు! ఆ అమ్మాయి కాగితం నా ముందు పెట్టింది, గీత పై అంచునే అటు నుంచి ఇటు తిన్నగా పోయింది. "బాగా ఉన్నాయి మేడమ్, రెండూ. రెండోసారి చక్కగా చేశారు" అంది చిన్నపిల్లతో అన్నట్టు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "మీ నాన్నగారికి ఏ వయసులో మొదలైందన్నారు?" అని అడిగింది. నలభై దాటాక అన్నాను. నాకింకా నలభై రాలేదు. ఆమె తలాడించి కాగితం మీద రాసుకుంది. బొక్క అక్కడే ఉంది లెక్కలో, కానీ ఆ కాసేపు నేను దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సంతోషపడ్డాను. మా ఆయనకి గుమ్మంలోంచే బొటనవేలు చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మరింకేం, ఇంటికెళ్దామా?" అన్నాడు. నిజంగా వెళ్లిపోదామనిపించింది.

"ఇప్పుడు పాప" అంది ఆ అమ్మాయి. పిట్ట ఎగురుకుంటూ లోపలికి వెళ్లింది, ఆ స్పాంజి గోడల్ని రెండు చేతులా నొక్కి చూసింది, కుర్చీ ఎక్కి కూర్చుంది. హెడ్‌ఫోన్లు దాని తలకి పెద్దవైతే మధ్యలో గుడ్డ మడతపెట్టి బిగించారు. చిన్నపిల్లలకి బటను ఇవ్వరట, చెయ్యెత్తమంటారట. భయపడకుండా అమ్మ కనపడాలని కుర్చీని కిటికీకి ఎదురుగా తిప్పారు, నన్ను ఇవతల మిషను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. లోపల సౌండు పెట్టినప్పుడల్లా మిషను మీద చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలిగింది, పిట్ట చెయ్యి జివ్వున లేచింది. వెలిగింది, లేచింది. వెలిగింది, రెండు చేతులూ లేచాయి, ఒక్కటి చాలమ్మా అని ఆ అమ్మాయి మైకులో నవ్వింది. నేను స్టూలు మీద కాస్త సర్దుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి చక్రం ఇంకోవైపు తిప్పింది. "ఇప్పుడు కీచు సౌండ్లు" అంది నాతో. దీపం వెలిగింది. పిట్ట చేతులు ఒళ్లోనే ఉన్నాయి. బొమ్మల్లో మునగలేదు, అక్కడ బొమ్మల్లేవు. నన్నే చూస్తూ కూర్చుంది, బుద్ధిగా, చెవులు రిక్కించి. ఆ అమ్మాయి సౌండు పెంచింది. దీపం వెలిగింది. పిట్ట నా వైపు చూసి పెదాలు కదిపింది, "ఇంకా మొదలెట్టలేదా?" అని. ఇంకొంచెం పెంచింది. దీపం వెలిగింది. నేనెత్తలేదు, ఒట్టు, నేనెత్తాలనుకోలేదు, నా చెయ్యి దానంతటదే లేచింది. గాజుకి అవతల పిట్ట అది చూసి, మెరుపులా తన చెయ్యీ ఎత్తి, గెలిచినట్టు నవ్వింది.

"మేడమ్," అంది ఆ అమ్మాయి, నా వైపు చూడకుండా. "మీరు చెయ్యి దించండి."

దించాను. లోపల పిట్ట కూడా దించింది.